ఉన్న ఆడియో సిస్టమ్‌కే చిన్న చిన్న మార్పులు: ఏది ముందు?

సాయంకాలశ్రోత

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

నా దగ్గరున్నవి రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (బేస్ పలికే వూఫర్ 13 సెం.మీ., గాలి వచ్చే రంధ్రం, అదే పోర్ట్, వెనక వైపు), ఛానల్‌కి 50 వాట్ల యాంప్లిఫయర్, ల్యాప్‌టాప్, దానికో చిన్న డ్యాక్ (డిజిటల్ పాటని యాంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె). సెట్టంతా మార్చే ఉద్దేశం లేదు, తాహతూ లేదు. అప్పుడొకటి అప్పుడొకటి చిన్న మార్పులు చేసుకుంటూ పోదామని ఓ జాబితా రాసుకున్నాను: మంచి స్పీకర్ కేబుల్, కొత్త డ్యాక్, స్పీకర్ల కింద స్పైకులు (మొనదేలిన కాళ్ళు), మంచి పవర్ స్ట్రిప్, స్పీకర్ స్టాండ్లు.

ఈ ఐదింటిలో దేంతో మొదలుపెట్టమంటారు?

కొలతలరాయుడు

జాబితా సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు వింటున్నదాంట్లో మీకు ఏం నచ్చడం లేదు? "ఇంకా బాగుండాలి" అని కాకుండా, ఫలానా పాటలో ఫలానా చోట ఇలా ఉంది అన్నట్టు చెప్పండి. గది కొలతలు, స్పీకర్లు ఎక్కడ పెట్టారు, మీరు ఎక్కడ కూర్చుంటారు, అవి కూడా రాయండి. ఇవేవీ తెలియకుండా ఏది చెప్పినా చీకట్లో రాయి వేసినట్టే.

సాయంకాలశ్రోత

నిజమే, అసలు సంగతి రాయనేలేదు. నా ఇబ్బందులు మూడు.

బేస్‌లో ఒకటి రెండు స్వరాలు మాత్రం గుమ్మని గదంతా ఊపేస్తాయి, వాటి పక్క స్వరాలు అసలు ఉన్నట్టే ఉండవు. బేస్ గిటార్ పైకీ కిందికీ నడుస్తుంటే ఇది బాగా తెలుస్తుంది. మృదంగం ఎడమ వైపు మోత కూడా అంతే, ఒక శ్రుతిలో వినసొంపుగా ఉంటుంది, ఇంకో శ్రుతిలో ఉబ్బిపోతుంది.

రెండోది, పాడేవాళ్ళ గొంతు సరిగ్గా మధ్యలో నిలబడదు. కాస్త ఎడమకి జరిగి, మసకగా ఉంటుంది.

మూడోది, రాత్రిపూట సౌండ్ తగ్గించి వింటే పాటలో ప్రాణం ఉండదు.

గది పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 3.3. పొడవులో ఒక చివర టీవీ కింది బల్ల, దాని మీదే రెండు స్పీకర్లు. ఎడమ స్పీకర్ దాదాపు మూలలో ఉంది. కుడి వైపు కర్టెన్. రెండో చివర గోడకి ఆనించి సోఫా.

తీగప్రియ

గొంతు మసక అంటున్నారంటే కేబులేనండి. నాకూ అచ్చం ఇలాగే ఉండేది. పాత సన్న తీగ తీసేసి మంచి కేబుల్ వేశాక తెర తొలగినట్టయింది. మీ జాబితాలో మొదటిదే మొదట చేయండి.

పాతపెట్టె

కేబుల్ కొనే ముందు పైసా ఖర్చు లేని పనులు కొన్ని చూడండి. నేను పాత యాంప్లిఫయర్లు, స్పీకర్లు రిపేరు చేస్తుంటాను. "సౌండ్ బాగోలేదు" అంటూ నా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి పైగా ఈ చిన్న లోపాలే ఉంటాయి.

మొదట ప్లస్ మైనస్. ఒక స్పీకర్‌కి తీగలు తారుమారైతే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బేస్ పల్చబడుతుంది, గొంతు మధ్యలో నిలవదు. యాంప్ ఆపి, స్పీకర్ తీగల్ని యాంప్ నుంచి ఊడదీసి, ఆ కొసలకి 1.5 వోల్ట్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి వెళ్తే వూఫర్ కోన్ బయటికి కదలాలి. రెండు స్పీకర్లూ ఒకేలా కదలాలి.

తర్వాత, మీ స్పీకర్ల వెనక నాలుగు టెర్మినళ్ళు ఉంటే పైదాన్నీ కిందిదాన్నీ కలుపుతూ చిన్న ఇత్తడి పట్టీలు ఉంటాయి. అవి వదులైనా, నలుపెక్కినా ట్వీటర్‌కి (పై స్వరాలు పలికే చిన్న యూనిట్) వెళ్ళే సిగ్నల్ ఉండీ లేనట్టు అవుతుంది. విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టిగా బిగించండి. పాత స్పీకర్లయితే వూఫర్ చుట్టూ ఉండే ఫోమ్ అంచుని వేలితో మెల్లిగా తాకి చూడండి. పొడిలా రాలిందంటే ముందు దాని సంగతి చూడాలి. రబ్బరు అంచయితే బెంగ లేదు.

కొలతలరాయుడు

పాతపెట్టె గారు చెప్పినవి చేయండి. మీ బేస్ సంగతి మాత్రం మీరిచ్చిన గది కొలతల్లోనే ఉంది.

గాలిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగించండి: 343ని 8.4తో భాగిస్తే 41. ఎదురెదురు గోడల మధ్య 41 హెర్ట్జ్ దగ్గర ఒక నిలకడ తరంగం (గోడల మధ్య అటూ ఇటూ తగులుతూ ఒకే చోట నిలిచిపోయే అల) ఏర్పడుతుంది, దానికి రెట్టింపు 82 దగ్గర ఇంకొకటి. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 దగ్గర, దాని పై స్థాయి స్వరం 82 దగ్గర. మీ 13 సెం.మీ. వూఫర్ 41కి దిగేసరికే చేతులెత్తేస్తుంది కాబట్టి మిమ్మల్ని వేధించేది 82 అయ్యుండాలి.

ఇక్కడ చూడాల్సింది, ఈ తరంగాలన్నిటికీ ఒత్తిడి గోడ దగ్గరే ఎక్కువ. మీ స్పీకర్ మూలలో ఉంది, మీ తల వెనక గోడకి ఆనుకుని ఉంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, బేస్ పుట్టే చోటా వినే చోటా రెండూ ఉబ్బే చోట్లే. దీన్ని కేబుల్ సరిచేయలేదు, డ్యాక్ సరిచేయలేదు, స్పైకులు అసలే సరిచేయలేవు.

82 హెర్ట్జ్ తరంగానికి ఒత్తిడి సున్నా అయ్యే చోటు గోడ నుంచి గది పొడవులో నాలుగో వంతు, అంటే 1.05 మీటర్లు. సరిగ్గా అక్కడే కూర్చుంటే ఆ స్వరం మాయమైపోతుంది, అదీ బాగోదు. సోఫాని ముందుకి జరిపి, తల గోడకి 70, 80 సెం.మీ. దూరంలో ఉండేలా చూసి చెప్పండి.

గదిలోగది

రాయుడు గారూ, లెక్క బాగుంది గానీ సోఫా గది మధ్యకి వస్తే ఇంట్లో మిగతా వాళ్ళు నడవద్దూ? అందుకే మా ఇంట్లో రాజీ ఏమిటంటే, సోఫా ఎప్పుడూ గోడకే. నేను వినేటప్పుడు మాత్రం ముందుకి లాగుతాను. నేల మీద కాళ్ళు ఆనే చోట చిన్న పేపర్ టేప్ ముక్కలు అంటించాను, స్పీకర్లకీ అంతే. లాగి పెట్టడానికి నిమిషం పట్టదు, ప్రతిసారీ టేపు పట్టుకుని కొలుచుకునే పనీ లేదు.

ఇంకొకటి, శ్రోత గారూ. ఆ బల్ల ఎత్తు ఎంత? కూర్చున్నప్పుడు ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉందా?

సాయంకాలశ్రోత

వరసగా చెప్తాను. బ్యాటరీతో చూశాను, రెండు కోన్లూ బయటికే కదిలాయి. ఫోమ్ కాదు, రబ్బరే. ఇత్తడి పట్టీలు మాత్రం పాతపెట్టె గారు అన్నట్టే ఉన్నాయి. కుడి స్పీకర్ పట్టీ బాగా నలుపెక్కింది, స్క్రూ వేలితో తిప్పితేనే తిరుగుతోంది. తుడిచి బిగించాక గొంతు మధ్యకి బాగా దగ్గరైంది. పూర్తిగా కాదు.

సోఫా లాగి విన్నాను. చెబితే నమ్మరు, ఇన్నాళ్ళూ ఒకటే దిమ్మలా వినపడిన బేస్‌లో స్వరాలు విడివిడిగా తెలుస్తున్నాయి! గుమ్మనడం పూర్తిగా పోలేదు గానీ ఇప్పుడు భరించొచ్చు.

బల్ల ఎత్తు అర మీటరు. ట్వీటర్ 75 సెం.మీ. దగ్గరుంది, నా చెవి 95 దగ్గర.

గదిలోగది

అయితే మీ జాబితాలో అన్నిటికన్నా చివర రాసిన స్టాండ్లే ముందుకి రావాలి. ఎత్తు సరిపోతుంది, బల్ల పైభాగానికి తగిలి తిరిగొచ్చే శబ్దం (రిఫ్లెక్షన్) పోతుంది. అన్నిటినీ మించి, ఎడమ స్పీకర్‌ని ఆ మూల నుంచి బయటికి తేవచ్చు. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ మీకూ మధ్య దాదాపు అంతే ఉండేలా పెట్టి, కొంచెం లోపలికి తిప్పండి. కొనేవరకూ ఏదైనా గట్టి స్టూళ్ళ మీద పెట్టి వినండి, తేడా ముందే తెలుస్తుంది.

నల్లపళ్ళెం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఈ దారం (థ్రెడ్) చదివే వాళ్ళలో రికార్డులు వినేవాళ్ళూ ఉంటారు కాబట్టి రాస్తున్నాను. టర్న్‌టేబుల్ ఉన్నవాళ్ళకి వరస వేరు. స్పీకర్ల స్థానం తర్వాత మొట్టమొదట ముల్లు సంగతి చూడాలి.

ఒక చిన్న గేజ్ కొనుక్కోండి, ముల్లు రికార్డు మీద ఎంత బరువుతో ఆనుతోందో చూపిస్తుంది. మామూలు మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్‌లు (ముల్లు బిగించి ఉండే చిన్న భాగం) చాలావాటికి అది 2 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది, మీదానికి తయారీదారు ఎంత చెప్పారో అంత పెట్టండి. బరువు తగ్గిస్తే రికార్డుకి మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి తక్కువైతే ముల్లు గాడిలో నిలవక ఎగిరి గోడలకి కొట్టుకుంటుంది, గాడి పాడయ్యేది అప్పుడే.

రికార్డు చివరి పాటల్లో "స", "ష" శబ్దాలు చిటపటమంటున్నాయా? 33⅓ వేగంతో తిరిగే రికార్డు అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకి అర మీటరు పరుగెడుతుంది, లోపలికి వచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల చిల్లరకి పడిపోతుంది. అంటే ఒక సెకను పాట అంత తక్కువ జాగాలో ఇరుక్కుని ఉంటుంది. కార్ట్రిడ్జ్ కోణం ఒక్క పిసరు తప్పినా ముందుగా బయటపడేది అక్కడే. అలైన్‌మెంట్ కాగితం (కోణం చూసుకునే గీతలున్నది) ప్రింట్ తీసుకుని సరిచూసుకోండి. అప్పటికీ అలాగే ఉంటే ముల్లు అరిగి ఉండొచ్చు. చాలా కార్ట్రిడ్జ్‌లకి ముల్లు ఒక్కటే ఊడదీసి, అదే బాడీకి మెరుగైన ఎలిప్టికల్ ముల్లు (కొస దీర్ఘవృత్తాకారంలో ఉండేది) వేసుకోవచ్చు. రికార్డులు వినేవాడికి ఇంతకన్నా లాభసాటి అప్‌గ్రేడ్ నేను చూడలేదు.

తీగప్రియ

కేబుల్ సంగతి ఎవరూ మాట్లాడరేం? నా చెవులతో విన్నది అబద్ధమా?

కొలతలరాయుడు

అబద్ధమని ఎవరన్నారండీ. మీరు మార్చింది సన్న తీగ, దాంతో నిజంగానే తేడా వచ్చి ఉండొచ్చు. లెక్క చూద్దాం.

యాంప్ నుంచి స్పీకర్‌కి 3 మీటర్లు, రానూపోనూ 6 మీటర్ల రాగి. 2.5 చదరపు మి.మీ. తీగకి మొత్తం నిరోధం దాదాపు 0.04 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్‌కి దానివల్ల తగ్గేది 0.05 డెసిబెల్ కూడా ఉండదు. అదే 0.5 చదరపు మి.మీ. సన్న తీగయితే 0.2 ఓమ్. స్పీకర్ ఇంపీడెన్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర బాగా పడిపోయే రకమైతే, దూరం కూడా ఎక్కువైతే, అప్పుడు కాస్త తెలియొచ్చు. తీగ నిరోధం స్పీకర్ ఇంపీడెన్స్‌లో 5 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. కాబట్టి తగినంత లావున్న మామూలు రాగి తీగ వేసుకుని ఆ అధ్యాయం మూసేయొచ్చు. అంతకు మించి పెట్టే డబ్బు రాగికి పెట్టేది కాదు, పైన అల్లిన గుడ్డకి పెట్టేది.

తీగప్రియ

కొలతల్లో అన్నీ కనపడవు రాయుడు గారూ. అయినా ఎవరి పిచ్చి వారికి ఆనందం!

పాతపెట్టె

తీగప్రియ గారూ, వాదన తేలాలంటే ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరితోనైనా కేబుళ్ళు మార్పించండి, ఏది పెట్టారో మీకు చెప్పకూడదు. వాల్యూమ్ మాత్రం మీటర్‌తో సరిసమానం చేయాలి. అర డెసిబెల్ ఎక్కువున్నది "గట్టిగా ఉంది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది, మనం మోసపోయేది అక్కడే. 1994లో షాన్ ఒలివ్, ఫ్లాయిడ్ టూల్ అనే పరిశోధకులు హర్మన్ అనే ఆడియో సంస్థలో ఇదే పరీక్ష స్పీకర్లతో చేశారు. ఒకే శ్రోతలు, అవే స్పీకర్లు. కళ్ళకి కనిపిస్తే ఒక రకంగా మార్కులు వేశారు, తెర అడ్డం పెడితే ఇంకో రకంగా వేశారు. విన్నవాళ్ళు ఆ సంస్థలో పనిచేసేవాళ్ళే. ఇక మనమెంత?

వేదిక నిర్వాహకులు

కేబుల్ చర్చకి విడిగా దారం ఉంది, అందులో ఇప్పటికే ఊరంత వాదన నడిచింది. మిగతాది అక్కడ కొనసాగించండి. ఇక్కడ శ్రోత గారి గది వరకే.

చిట్టిస్పీకర్

అన్నా, చిన్న డౌట్. నాది డెస్క్ మీద కంప్యూటర్ స్పీకర్ల సెట్. మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లలో గీచుగీచుమని సన్న శబ్దం. పాట ఆపినా వస్తుంది. నేను కూడా స్పీకర్ల స్థానం మార్చాలా?

పాతపెట్టె

వద్దు తమ్ముడూ. నీకు మాత్రం డ్యాకే ముందు. కంప్యూటర్ లోపలి గోల హెడ్‌ఫోన్ సాకెట్ దారిలో నీ స్పీకర్లలోకి వస్తోంది. ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డ్యాక్ తీసుకో. ఆ తీగలో వెళ్ళేది వెలుతురే కాబట్టి కరెంటు గోల దాటిరాదు. యూఎస్‌బీ డ్యాక్ అయితే చాలాసార్లు పోతుంది గానీ గ్రౌండ్ లూప్ (పరికరాలు ఎర్త్ తీగ ద్వారా కూడా కలిసి గోల రావడం) ఉంటే పోకపోవచ్చు. దుకాణంలో తిరిగి ఇచ్చే వీలు చూసుకుని కొను. కంప్యూటర్‌నీ స్పీకర్లనీ ఒకే పవర్ స్ట్రిప్‌కి పెట్టి కూడా చూడు, కొన్నిసార్లు దాంతోనే తగ్గుతుంది.

ఒక్కమాట అందరికీ. హమ్ (స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుయ్‌మనే శబ్దం) పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ విరగ్గొట్టే వాళ్ళు, దానికి టేప్ చుట్టే వాళ్ళు ఉన్నారు. చచ్చినా ఆ పని చేయకండి. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు మీ ప్రాణం కాపాడేది ఆ పిన్నే.

సాయంకాలశ్రోత

నా డ్యాక్‌తో అలాంటి శబ్దమేమీ లేదు. అంటే కొత్త డ్యాక్ జాబితాలోంచి కొట్టేయొచ్చా?

కొలతలరాయుడు

కొట్టేయండి. సీడీ నాణ్యత 16 బిట్లకి నిశ్శబ్దానికీ గరిష్ఠ శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ళ తేడా ఉంటుంది. ప్రశాంతంగా ఉన్న గదిలో కూడా నేపథ్య శబ్దం 30 డెసిబెళ్ళు ఉంటుంది. ఏ లోపమూ లేని చిన్న డ్యాక్ కూడా మీ గది కన్నా ఎంతో నిశ్శబ్దంగా ఉంటుంది. దానికి బదులు ల్యాప్‌టాప్‌లో సౌండ్ ఎఫెక్ట్‌లన్నీ ఆపేసి, వినే యాప్‌లో క్వాలిటీ సెట్టింగ్ పూర్తిగా పైకి పెట్టండి. పవర్ స్ట్రిప్ పరికరాల రక్షణ కోసం కొనుక్కోండి, సౌండ్ మారుతుందని కాదు.

సాయంకాలశ్రోత

మరి రాత్రిపూట చప్పగా ఉండడం? యాంప్ పవర్ చాలదేమో అనుకున్నాను.

గదిలోగది

పవర్ కాదండీ, చెవి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు: శబ్దం తగ్గేకొద్దీ బేస్ మన చెవికి మిగతావాటి కన్నా వేగంగా తగ్గిపోతుంది. పాత యాంప్‌లలో లౌడ్‌నెస్ బటన్ పెట్టింది అందుకే. మీదాంట్లో ఉంటే రాత్రి నొక్కండి, లేకపోతే బేస్ నాబ్ కాస్త తిప్పండి. టోన్ కంట్రోల్ ముట్టుకోవడం నామోషీ అనుకునే ఆడియో వీరాభిమానుల మాట వినకండి, ఆ నాబ్ పెట్టిందే తిప్పడానికి.

పాతపెట్టె

పవర్ సంగతి కూడా చెప్పేస్తాను. 50 వాట్ల నుంచి 100కి వెళ్తే పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు కావాలి, అంటే 500 వాట్లు. మీ గదిలో మామూలుగా వినేటప్పుడు యాంప్ ఇచ్చేది ఒకటి రెండు వాట్లు కూడా ఉండదు.

సాయంకాలశ్రోత

కొంచెం ఆలస్యంగా వచ్చాను, కానీ చేతినిండా వార్తలతో వచ్చాను.

స్టాండ్లు వచ్చేశాయి. లోపల బోలుగా ఉండే రకం, ఎండిన ఇసుక నింపాను. ట్వీటర్ ఇప్పుడు చెవి ఎత్తులో ఉంది. ఎడమ స్పీకర్ మూల నుంచి బయటికి వచ్చింది, రెంటినీ కొంచెం లోపలికి తిప్పాను. పాడేవాళ్ళు ఇప్పుడు నిజంగా మధ్యలో నిలబడ్డారు. కళ్ళు మూసుకుంటే టీవీ ఉన్న చోట మనిషి ఉన్నట్టే ఉంది.

ఒక మిత్రుడి దగ్గర కాలిబ్రేషన్ ఫైల్ (మైక్ తేడాల్ని సరిచేసే పట్టిక) ఉన్న యూఎస్‌బీ మైక్ ఉంటే అడిగి తెచ్చుకుని, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే గది శబ్దం కొలిచే సాఫ్ట్‌వేర్ ఉచితమే కదా అని ఎక్కించుకుని కొలిచాను. మైక్‌ని సోఫా పాత చోటా కొత్త చోటా పెట్టి చూశాను. పాత చోట 82 దగ్గర 10 డెసిబెళ్ళ గుట్ట. కొత్త చోట అది 5కి దిగింది. రాయుడు గారి లెక్కకి దండం.

కానీ 140 హెర్ట్జ్ దగ్గర కొత్తగా ఒక గొయ్యి కనపడుతోంది, 9 డెసిబెళ్ళ లోతు. ల్యాప్‌టాప్‌లో ఈక్యూ (కావలసిన ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే సదుపాయం) పెట్టి దాన్ని పూడ్చేయొచ్చా?

కొలతలరాయుడు

స్పీకర్ ముందు భాగం నుంచి దాని వెనకున్న గోడకి ఎంత దూరం?

సాయంకాలశ్రోత

60 సెం.మీ.

కొలతలరాయుడు

సరిపోయింది. 343ని నాలుగు రెట్ల దూరంతో, అంటే 2.4తో భాగించండి: 143. వూఫర్ నుంచి వెనక్కి వెళ్ళిన బేస్ గోడకి తగిలి తిరిగొచ్చేసరికి సరిగ్గా సగం తరంగం వెనకబడి, ముందుకి వెళ్తున్నదాన్ని కొట్టేస్తోంది.

ఈక్యూతో పూడ్చకండి. మీరు ఎంత పెంచితే గోడ నుంచి తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది, రెండూ మళ్ళీ కొట్టేసుకుంటాయి. 9 డెసిబెళ్ళు పెంచితే యాంప్ మీద అక్కడ ఎనిమిది రెట్ల భారం, వచ్చేది ఏమీ ఉండదు. గుట్టల్ని ఈక్యూతో కోయొచ్చు, గోతుల్ని మాత్రం స్పీకర్ జరిపే సరిచేయాలి. 82 దగ్గరి ఆ 5 డెసిబెళ్ళని నిక్షేపంగా కోసేయండి.

స్పీకర్లని గోడకి దగ్గరగా, 40 సెం.మీ.కి జరపండి. గొయ్యి 214కి వెళ్తుంది. అది పూర్తిగా మాయమవదు గానీ అంత పైన అయితే ఆ గోడకి శబ్దం పీల్చే మందమైన ప్యానెల్ పెట్టి మెత్తబరచొచ్చు, 140 దగ్గర అది కష్టం. బేస్ ఉబ్బితే వెనక పోర్ట్‌లో ఫోమ్ ముక్క కుక్కి చూడండి.

గదిలోగది

ఇక్కడ రాయుడు గారితో నేను కొంచెం విభేదిస్తాను. గ్రాఫ్ చూసి గొయ్యి వెంట పరుగెత్తితే వినే ఆనందం పోతుంది. పాటల్లో ఆ గొయ్యి మీకు వినపడుతోందా? గొంతు పల్చగా అనిపిస్తోందా? లేకపోతే దాన్ని వదిలేసి, పక్క గోడల రిఫ్లెక్షన్లు చూసుకోండి. గొంతులో మిగిలిన మసక అక్కడిది. మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకర్ని ఎడమ గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో ట్వీటర్ కనపడిన చోట గుర్తు పెట్టుకోండి. కుడి వైపు కర్టెన్ ఉంది, ఎడమ వైపు ఒట్టి గోడ కదా? ఆ తేడాయే మీ గొంతుని ఇన్నాళ్ళూ ఎడమకి లాగింది.

కొలతలరాయుడు

పక్క గోడ విషయంలో ఒప్పుకుంటాను. గొయ్యి విషయంలో ఒప్పుకోను, 140 అంటే మగ గొంతు, చెలో ఉండే చోటు. జరపడానికి ఖర్చేమీ లేదు కదా, రెండు చోట్లా వినమనండి.

సాయంకాలశ్రోత

విన్నాను. 40 దగ్గరే బాగుంది. 60 దగ్గర మగ గొంతుల్లో బరువు తగ్గుతోంది, ఒకదాని తర్వాత ఒకటి వింటేనే తెలిసింది. పోర్ట్‌లో ఫోమ్ అవసరం రాలేదు. 82 దగ్గర ఈక్యూతో 4 డెసిబెళ్ళు కోశాను, దాంతో గుమ్మనడం పోయినట్టే.

అద్దం కూడా పెట్టి చూశాం. ఎడమ గోడకి ఏం పెట్టమంటారు? గుడ్ల అట్టల ఆకారంలో సన్న ఫోమ్ పలకలు దొరుకుతున్నాయి.

పాతపెట్టె

అవి వద్దు. 2, 3 సెం.మీ. ఫోమ్ పై ఫ్రీక్వెన్సీల్ని మాత్రమే మింగి మిగతావాటిని వదిలేస్తుంది. గది మూగబోతుంది, మసక అలాగే ఉంటుంది. సన్న తివాచీదీ ఇదే కథ. చెక్క చట్రంలో 10 సెం.మీ. మందం రాక్‌వూల్ (రాతి నార) పెట్టి, గుడ్డ బిగించి, గోడకి కొన్ని సెంటీమీటర్లు ఎడంగా తగిలించండి. రాక్‌వూల్ కోసేటప్పుడు చేతి తొడుగులు, ముక్కుకి మాస్క్ తప్పనిసరి.

మళ్ళీ చెప్తున్నాను, ఇది గొంతుకే, బేస్‌కి కాదు. 82 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే మీటరు పైన ఉంటుంది, అంత మందం ప్యానెల్ పెడితే మీకు కూర్చోడానికి చోటుండదు.

నల్లపళ్ళెం

పుస్తకాల అర ఉంటే అక్కడికి జరపండి శ్రోత గారూ. ఎత్తుపల్లాల పుస్తకాలు శబ్దాన్ని చెదరగొడతాయి, చూడ్డానికీ బాగుంటుంది. ప్యానెల్ అంత పని చేయదు, ఒట్టి గోడ కన్నా నయం.

చిట్టిస్పీకర్

అప్‌డేట్: ఆప్టికల్ ఉన్న డ్యాక్ తెచ్చాను, గీచుగీచు మొత్తం పోయింది. థ్యాంక్స్ అన్నా! ఇప్పుడు సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసం విడిగా ఉండే పెట్టె) కొంటే?

పాతపెట్టె

కాసేపు పాటలు విను తమ్ముడూ ముందు!

సాయంకాలశ్రోత

నవ్వాపుకోలేకపోయాను. కానీ నా ప్రశ్న కూడా అదే. 50 కింద నా స్పీకర్లలో ఏమీ లేదని గ్రాఫ్‌లో తెలుస్తోంది. ఐదింటి జాబితాలో మిగిలింది స్పైకులు ఒక్కటే, అవి స్టాండ్లతోనే వచ్చాయి. కాబట్టి తర్వాత సబ్ వైపు చూడమంటారా?

కొలతలరాయుడు

ఇప్పుడైతే చూడొచ్చు. మొదట్లోనే కొని ఉంటే మీ గదిలో 41 కూడా లేచి, ఇల్లు అదిరిపోయేది. సబ్‌ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి తిరగేసిన పద్ధతి ఒకటుంది. సబ్‌ని మీరు కూర్చునే చోట సోఫా మీద పెట్టండి, బేస్ గిటార్ నడిచే పాట వేయండి, మీరు నేల మీద పాకుతూ గది అంచుల వెంట వినండి. స్వరాలన్నీ సమంగా వినపడిన చోట సబ్ పెట్టండి. ఎవరూ లేనప్పుడు చేయడం మంచిది, చూసినవాళ్ళకి ఏం చెప్పాలో తెలియదు.

క్రాసోవర్ (సబ్‌కీ మెయిన్ స్పీకర్లకీ మధ్య హద్దు) 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. మెయిన్ స్పీకర్లకి 80 కింది బేస్ వెళ్ళకుండా కోసే సదుపాయం మీ యాంప్‌లో గానీ సబ్‌లో గానీ ఉంటే వాడుకోండి, 13 సెం.మీ. వూఫర్లకి ఊపిరి ఆడుతుంది. గదిలో చోటుంటే ఒక పెద్ద సబ్ కన్నా రెండు చిన్నవి మేలు. 2002లో టాడ్ వెల్టీ అనే ఆడియో పరిశోధకుడు చేసిన పరిశోధనలో, ఎదురెదురు గోడల మధ్య భాగాల్లో ఒక్కొక్కటి పెడితే ఒక సీటుకీ ఇంకో సీటుకీ మధ్య బేస్‌లో తేడాలు బాగా తగ్గాయని తేలింది.

తీగప్రియ

సబ్‌కి మాత్రం మంచి కేబుల్ వేయండి మరి. (నిర్వాహకుల వారూ, ఇది జోకు.)

గదిలోగది

శ్రోత గారూ, సబ్ కన్నా ముందు ఆ ఎడమ గోడ ప్యానెల్ పూర్తి చేయండి. పని సగంలో ఉండగా కొత్త పెట్టె వస్తే ప్యానెల్ అటకెక్కుతుంది, మా ఇంట్లో ఇప్పటికీ అటక మీదే ఉంది.

సాయంకాలశ్రోత

సరే, ప్యానెలే ముందు. చట్రానికి చెక్క కోయించేశాను. పైన బిగించే గుడ్డ ఎలాంటిది తీసుకోవాలి? సోఫా కవర్ గుడ్డ మిగిలింది ఉంది, అది పనికొస్తుందా?

పాతపెట్టె

నోటికి ఆనించి ఊది చూడండి. గాలి అవతలికి సులువుగా వస్తే పనికొస్తుంది. వెనక రబ్బరు పూతలాంటిది ఉంటే శబ్దం లోపలికే వెళ్ళదు, వేరేది చూసుకోండి.